‘సరే’ అన్నవాళ్లు ముగ్గురం, డీజిల్ పోసినవాళ్లు ఎవరూ లేరు

ఎనిమిది మంది ఉన్న టీమ్‌కు కొత్తగా లీడ్ అయ్యాను, ప్రాజెక్టు సాఫీగా సాగాలంటే ముందు ఏ పద్ధతులు పెట్టాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని అడిగారు. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే, దాన్ని పక్కన పెట్టండి. నేను ఆరేళ్లు చెన్నైలో ఆఫీసు టీముల్లో పనిచేశాను. ఇప్పుడు విడవలూరు మండలంలో ఇంకో ముగ్గురు వాటాదారులతో కలిసి రొయ్యల సాగు చేస్తున్నాను. టీమ్ పని అంటే ఏమిటో నాకు ఆఫీసులో కంటే గుంట గట్టు మీదే బాగా తెలిసొచ్చింది.

2023లో రొట్టెల పండగ రోజులు. మా రెండెకరాల గుంటలో వనామీ రకం రొయ్య పిల్ల వదిలి 72 రోజులైంది. 70 కౌంటు వచ్చింది, అంటే కిలోకు 70 రొయ్యలు. ఇంకో మూడు వారాలు ఆగితే 50 కౌంటుకు దగ్గరపడుతుందని లెక్కలు వేసుకుంటున్నాం. ఆ రోజు పగలంతా మబ్బు. మాకు మబ్బు పట్టిందంటేనే టెన్షన్. ఎండ లేకపోతే నీళ్లలో ఉండే పాచి సరిపడా ఆక్సిజన్ తయారు చేయదు. రాత్రయితే ఆ పాచీ, రొయ్యా, అడుగున బురదా కలిసి ఉన్నదంతా వాడేస్తాయి. తెల్లవారుజాముకు ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అందుకే నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి.

డీజిల్ సంగతి చూసేది మా బావ. ఎవరూ ఆయనకు అప్పగించలేదు, అలవాటుగా ఆయనే చూస్తూ వచ్చాడు. ఆ రోజు కూతురి కోసం చదువు రొట్టె పట్టుకోవాలని ఇంటిల్లిపాదినీ తీసుకుని నెల్లూరు స్వర్ణాల చెరువుకు వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ మా వాట్సాప్ గ్రూపులో ‘డీజిల్ తక్కువుంది, చూసుకోండి’ అని పెట్టాడు. నేను బొటనవేలు బొమ్మ పెట్టాను. మా బాబాయీ అదే పెట్టాడు. నాలుగో వాటాదారు, నా స్నేహితుడు, ‘సరే’ అని రాశాడు. బాబాయి గట్టు మీదే ఉన్నాడు కదా, చూసుకుంటాడని నేననుకున్నాను. కుర్రాళ్లకు బండి ఉంది, తెస్తార్లే అని బాబాయి అనుకున్నాడు. సాయంత్రం పూట నేను బంకు వైపే తిరుగుతానని నా స్నేహితుడు నా మీద వదిలేశాడు.

రాత్రి రెండున్నరకు కరెంటు పోయింది. మూడు దాటాక మేత వేసే అబ్బాయి ఫోన్ చేశాడు. “అన్నా, జనరేటర్ ఆగిపోయిందన్నా. రొయ్య పైకి తేలతా ఉండాది, బిన్నా రాన్నా.”

నేను వెళ్లేసరికి గుంట దగ్గర చడీచప్పుడూ లేదు. రోజూ ఏరియేటర్ల హోరులో నిద్రపోయేవాళ్లం, ఆ నిశ్శబ్దానికే కాళ్లు వణికాయి. టార్చి వేస్తే నీటి అంచు పొడవునా ఎర్రగా కళ్లు, వేలకు వేలు. రొయ్యలు మీసాలు పైకి పెట్టి, గట్టుకు ఒరిగి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మామూలుగా టార్చి వెలుగు పడితేనే చిటుక్కున ఎగిరిపోతాయి. అప్పుడు చేత్తో తాకినా కదల్లేదు. బంకు వాళ్లను లేపి, డీజిల్ తెచ్చి పోసి, గొట్టాల్లో గాలి తీసి జనరేటర్ స్టార్ట్ చేసేసరికి ఐదయింది. ఆ తర్వాత వెంటనే పట్టేద్దామా, ఆగి చూద్దామా అని గట్టు మీద ఇంకో అరగంట వాదించుకున్నాం. తెల్లారి వల వేస్తే అడుగు నుంచి తెల్లబడిన రొయ్య వచ్చింది. టన్నుకు పైగా పోయింది. మిగిలింది ఆ రోజు దొరికిన రేటుకే అమ్మేశాం.

తప్పెవరిదో తేలలేదు. నలుగురిలో ఒక్కరు కూడా పని ఎగ్గొట్టే మనుషులు కారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారే, ఆ రాత్రి అది కళ్లారా చూశాను. చెన్నైలో కూడా ఇదే చూశాను. పనిని ‘టీమ్’ పేరు మీద రాసి పెట్టేవారు, అది నెలల తరబడి అట్లాగే పడి ఉండేది. ఈ వాట్సాప్ గ్రూపుల మీద నాకు అప్పట్నుంచి గట్టి కోపం ఉంది. గుడ్ మార్నింగ్ పూల బొమ్మల మధ్య డీజిల్ మాట పెడితే అది పని అప్పగించినట్టా? మెసేజ్ చూశామనడానికి బొమ్మ పెడతాం, అవతలి మనిషి దాన్ని పని ఒప్పుకున్నట్టు తీసుకుంటాడు.

తర్వాతి పంటకు పిల్ల వదలకముందే పద్ధతి మార్చాం. జనరేటర్ షెడ్డులో మేకుకు ఒక నోటుబుక్కు, తాడుతో పెన్ను కట్టాం. ప్రతి రాత్రికీ ఒక్కరి పేరే, ఇద్దరివి రాయకూడదు. షెడ్డు తాళంచెవి చేతికి చేతికి ఇవ్వాలి. అవతలి మనిషి తీసుకునేదాకా డ్యూటీ ఇచ్చేవాడిదే. ఇచ్చే ముందు ఇద్దరూ కలిసి ట్యాంకులో పుల్ల ముంచి చూడాలి. పుల్లకు గీత గీశాం, డీజిల్ ఆ గీతకు కింద ఉంటే తాళంచెవి తీసుకోనక్కర్లేదు. జనరేటర్ ఐదు నిమిషాలు తిప్పి చూడాలి. పుస్తకంలో ‘చూస్తాను’ అని రాయకూడదు, ‘చూశాను’ అని టైం వేసి రాయాలి. ఆక్సిజన్ రీడింగ్ లీటరు నీటికి 4 మిల్లీగ్రాములకు దిగితే గట్టు మీదున్న అబ్బాయి ఎవర్నీ అడక్కుండా అన్ని ఏరియేటర్లూ వేసి ఆ తర్వాతే ఫోన్ చేయాలి. అత్యవసరంగా పట్టాల్సి వస్తే ఆ నిర్ణయం ఒక్క బాబాయిదే. మిగతా ముగ్గురం ఒప్పుకుని అదే పుస్తకంలో సంతకాలు పెట్టాం.

బాబాయి మొదట ససేమిరా అన్నాడు. “టైగర్ రొయ్య కాలం నుంచి గట్టు మీదున్నోణ్ణి. ఇప్పుడు నాకు పుస్తకం పెడతావేందిరా?” అన్నాడు. ఆయనకు బోయింగ్ విమానం సంగతి చెప్పాను. 1935 అక్టోబరు 30న అమెరికాలో మోడల్ 299 అనే కొత్త బాంబర్ విమానం పైకి లేచిన కాసేపటికే కూలిపోయింది. నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక భాగాలు కొట్టుకోకుండా వేసే లాకు తీయడం మరిచారు. లోపల ఐదుగురున్నారు, నడిపినాయన బాగా అనుభవమున్న పైలట్. ఇద్దరు పోయారు. ఆ తర్వాతే పైలట్లకు చెక్‌లిస్టు పెట్టారు. ఆ విమానమే బి-17 పేరుతో 12 వేలకు పైగా తయారైంది. బాబాయి అంతా విని, “ఆ లాకు తీయాల్సింది ఎవరంట?” అని అడిగాడు. మర్నాడు పుల్ల మీద గీత ఆయనే గీశాడు.

మీ టీమ్‌లో తాళంచెవి ఏదో మీకే తెలియాలి. సర్వర్ పాస్‌వర్డ్ కావచ్చు, కస్టమర్‌తో మాట్లాడే బాధ్యత కావచ్చు. ఎవరైనా సెలవు మీద వెళ్తుంటే వాళ్లనూ, వాళ్ల పని తీసుకునే మనిషినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడించండి. తీసుకునే మనిషి ‘నేను తీసుకున్నాను’ అని నోటితో అనాలి. నెలకు నాలుగు మీటింగులు తగ్గించినా పర్వాలేదు, ఇది మాత్రం మానొద్దు.

పోయిన నెల నా వంతు రాత్రి జ్వరమొచ్చింది. తాళంచెవి ఇచ్చేసి ఇంటికి పోదామని బావను పిలిచాను. వాన పడుతోంది. డీజిల్ నిండుగా ఉంది, సాయంత్రమే పోశాను అని చెప్పినా చెయ్యి చాపలేదు. “పుల్ల ముంచు బావా, చూసి తీసుకుంటా” అన్నాడు. ఒకే గొడుగు కింద ఇద్దరం షెడ్డు దాకా నడిచాం.