చొరబాటు జాడ చదవడం ఎలా నేర్చుకోవాలి?

ప్రశ్న: గుంటూరులో ఒక చిన్న సంస్థలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తున్నాను. ఈమధ్య మా సర్వర్‌లోకి ఎవరో చొరబడ్డారు. విషయం తెలియగానే యాజమాన్యం దాన్ని ఫార్మాట్ చేయించి, బ్యాకప్ నుంచి మళ్ళీ నడిపించింది. వచ్చినవారు ఎటునుంచి వచ్చారో ఇప్పటికీ తెలియదు. నెట్‌వర్క్‌లో మిగిలిన జాడలను బట్టి ఏం జరిగిందో తేల్చే నెట్‌వర్క్ ఫోరెన్సిక్స్ నేర్చుకోవాలని ఉంది. ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టమంటారు?

జవాబు: ముందు ఒక పని చేయండి. మీ ఫైర్‌వాల్‌లోను, రౌటర్‌లోను ఆనాటి లాగ్‌లు (ఎప్పుడు ఏం జరిగిందో యంత్రం తనంతట తాను రాసుకునే పద్దులు) ఇంకా మిగిలి ఉంటే, కొత్తవి వచ్చి పాతవాటిని చెరిపేయకముందే, ఈరోజే నకలు తీసి భద్రపరచండి. సర్వర్‌లోని సాక్ష్యం చాలావరకు ఫార్మాట్‌తోనే పోయింది. ఏ లోపం గుండా వచ్చారో తెలియలేదు కాబట్టి ఆ దారి ఇప్పటికీ తెరిచే ఉండవచ్చు. ఇకముందు ఇలాంటిది జరిగితే యంత్రాన్ని ఆపేయకుండా నెట్‌వర్క్ నుంచి మాత్రం విడదీయమని చెప్పండి. కరెంటు తీసేస్తే ర్యామ్‌లో ఉన్న ప్రోగ్రాములు, తెరిచి ఉన్న కనెక్షన్ల వివరాలు తిరిగి రావు.

ఇక చదువు సంగతి. ఈ విద్యకు సాఫ్ట్‌వేర్ కంటే ముందు కావలసింది, మామూలు రోజున మన నెట్‌వర్క్ ఎలా ఉంటుందో తెలిసిన కన్ను. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడికి కంప్యూటర్ వాడకపు లెక్కల్లో 75 సెంట్ల తేడా కనిపించింది. అంత చిన్న మొత్తాన్ని ఎవరైనా వదిలేసేవారే, కానీ ఆయన వదల్లేదు. లోపలికి వచ్చే ఫోన్ లైన్లకు ప్రింటర్లు తగిలించి, చొరబడినవాడు కొట్టిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీదికి ఎక్కించాడు. చూసినదంతా సమయంతో సహా పుస్తకంలో రాసుకున్నాడు. క్షిపణి రక్షణ పథకానికి చెందినట్టు కనిపించే ఉత్తుత్తి ఫైళ్ళను ఎరగా పెట్టి అతన్ని లైన్ మీద ఎక్కువసేపు నిలిపాడు. జాడ చివరికి పశ్చిమ జర్మనీలోని హానోవర్‌కు చేరింది. లెక్క సరిగ్గా కుదరాలని తెలిసినవాడు కనుకనే ఆ తేడా ఆయన కంటపడింది.

మీరు వైర్‌షార్క్‌తో మొదలుపెట్టండి. నెట్‌వర్క్‌లో ప్రయాణించే సమాచారపు ముక్కలను, అంటే ప్యాకెట్లను, పట్టి చూపే సాఫ్ట్‌వేర్ అది, ఉచితం. మిగతావన్నీ మూసి, మీ సొంత కంప్యూటర్‌లో ఒకే ఒక వెబ్‌సైట్ తెరిచి ఆ ప్యాకెట్లను పట్టండి. ముందు ఆ పేరుకు చిరునామా అడిగే డీఎన్ఎస్ ప్రశ్న, తరువాత రెండు యంత్రాల మధ్య సిన్, సిన్-యాక్, యాక్ అనే మూడు పలకరింపులు, ఆపైన మాటలను గుప్తపరిచే టీఎల్ఎస్ ఒప్పందం సాధారణంగా వరుసగా కనిపిస్తాయి. అక్కడి నుంచి లోపలి మాటలు గుప్తంగా ఉన్నా, ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు, ఎన్ని బైట్లు అన్నది చదవవచ్చు. ఆ ఒక్క పేజీ కథను వరుస తప్పకుండా చెప్పగలిగేదాకా మరో సాధనం ముట్టుకోకండి. ఆ తరువాత, అర్ధరాత్రి సీటులో ఎవరూ లేనప్పుడు ఒక యంత్రం అరవై సెకన్లకొకసారి ఒకే బయటి చిరునామాకు దాదాపు ఒకే పరిమాణంలో సమాచారం పంపుతుంటే మీకు అనుమానం కలుగుతుంది. అది మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) కావచ్చు, మీరే పెట్టుకున్న పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ కూడా కావచ్చు. ఏదో తేల్చేది మీ నెట్‌వర్క్ మీద మీకున్న పరిచయమే.

కొత్తవారు ఎక్కువగా తడబడేది గడియారాల దగ్గర. రౌటర్ యూటీసీలో (భారత కాలమానం కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక కాలంలో) 14వ తేదీ 18:40 అని రాస్తే, సర్వర్ భారత కాలమానంలో 15వ తేదీ 00:10 అని రాస్తుంది. రెండూ ఒకే క్షణం, అయినా తేదీలే వేరు. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో గడియారాలను జాతీయ కాల సర్వర్లతో సరిపోల్చుకోవాలని, లాగ్‌లను 180 రోజులు ఉంచాలని, నిర్దేశించిన రకాల సంఘటనలను గమనించిన 6 గంటల్లో తెలియజేయాలని ఉంది. మీ యాజమాన్యానికి ఈ మూడూ చూపించండి.

పట్టిన ప్యాకెట్ల ఫైలుకు వెంటనే షా-256 హ్యాష్ (ఫైలులో ఏ కొంచెం మారినా తానూ మారిపోయే, వేలిముద్ర లాంటి విలువ) తీసి రాసుకోండి. విశ్లేషణ నకలు మీదే చేయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం కోర్టుకు ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ రాయవలసి ఉంటుంది.

ప్రశ్న: సాధన కోసం మా హాస్టల్ వై-ఫైలో ఇతరుల ప్యాకెట్లు పట్టవచ్చా?

జవాబు: వద్దు. అనుమతి లేకుండా ఇతరుల సమాచారం తీసుకోవడం 2000 నాటి ఐటీ చట్టంలోని 43, 66 సెక్షన్ల కిందికి వచ్చే నేరం కాగలదు. మీ కంప్యూటర్‌లోనే రెండు వర్చువల్ యంత్రాలు (కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) పెట్టుకుని, ఒకదాని నుంచి మరొకదాన్ని స్కాన్ చేసి, ఆ జాడను పట్టి చదవండి. ఏం చేశారో మీకే తెలుసు కనుక, చదివింది సరైనదో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది.