సెన్సర్ మార్చినా 5 డిగ్రీల తేడా పోవట్లేదు

ప్రశ్న: ఐటీఐ చేసి ఒక డెయిరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేరి ఆరు నెలలైంది సర్. పాశ్చరైజర్ (పాలను వేడిచేసి క్రిములను చంపే యంత్రం) దగ్గర ప్యానెల్ మీద 72 డిగ్రీలు ఉంటే, అదే చోట గాజు థర్మామీటర్‌లో 67 వస్తోంది. పీటీ100 సెన్సర్ రెండుసార్లు మార్చాం, ఫలితం లేదు. ప్యానెల్‌ని వేరే గదికి మార్చి 25 మీటర్ల టూ కోర్ (రెండు వైర్ల) కేబుల్ లాగినప్పటి నుంచే ఇలా ఉంది. మా సీనియర్ అన్న, రీడింగ్ 5 తగ్గించి చూపేలా ప్యానెల్‌లో మైనస్ 5 పెట్టేయమంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: పెట్టొద్దు. ముందు షిఫ్ట్ ఇన్‌ఛార్జికి, క్వాలిటీ వాళ్లకి ఈ సంగతి ఇవాళే చెప్పండి. పాలు 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉండాలి కదా, మీ గాజు థర్మామీటర్ నిజం చెబుతుంటే పాలు 67 దగ్గరే ముందుకు వెళ్లిపోతున్నాయి, ప్యానెల్ 72 అనుకుంటోంది కాబట్టి, సరిగ్గా వేడెక్కని పాలను మళ్లించాల్సిన డైవర్షన్ వాల్వ్ వాటిని వెనక్కి తిప్పదు. ఆ పాలు తాగేది పిల్లలు. గాజు థర్మామీటర్ మీద అనుమానముంటే, చూర చేసిన ఐసులో కొంచెం నీళ్లు పోసి అందులో పెట్టండి, సున్నా చూపించాలి.

ఇక కారణానికి వద్దాం. నాకైతే సెన్సర్ మీద కాదు, కేబుల్ మీదే అనుమానం. పీటీ100 అంటే వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగే ప్లాటినం తీగ, ఆ రెసిస్టెన్స్‌ని బట్టే ప్యానెల్ డిగ్రీలు లెక్కేస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర దాని రెసిస్టెన్స్ 100 ఓమ్‌లు. 67 దగ్గర 125.9, 72 దగ్గర 127.8. అంటే 5 డిగ్రీలకు తేడా 2 ఓమ్‌లు కూడా లేదు! మీ కేబుల్ 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగిదైతే, పోను 25, రాను 25 మీటర్లకి దాని రెసిస్టెన్సే దాదాపు 2 ఓమ్‌లు. ప్యానెల్‌కి ఏది ప్లాటినమో ఏది రాగో తెలియదు, మొత్తం కలిపి లెక్కేస్తుంది.

ఊహతో పని లేదు, కొలిచి చూడండి. పాలు ఆడనప్పుడు ప్యానెల్ దగ్గర రెండు వైర్లూ విప్పి, సెన్సర్ హెడ్ (సెన్సర్ పైన వైర్లు బిగించే డబ్బా) దగ్గర వాటిని సెన్సర్ నుంచి తీసి ఒకదానికొకటి కలిపేసి, ప్యానెల్ వైపు నుంచి మల్టీమీటర్‌తో చూడండి. మీటర్ ప్రోబులు రెండూ తాకిస్తే వచ్చే అంకె అందులోంచి తీసేయండి. 2 ఓమ్‌ల దగ్గర వస్తే దొంగ దొరికినట్టే.

మైనస్ 5 ఎందుకు వద్దంటున్నానంటే, రాగి కూడా వేడికి మారుతుంది. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నానికి కేబుల్ ట్రే 20 డిగ్రీలు వేడెక్కిందనుకోండి, ఆ 2 ఓమ్‌లు 2.16 అవుతాయి, రీడింగ్ మరో 0.4 డిగ్రీ ఎక్కుతుంది. పైగా రేపు ఎవరైనా కేబుల్ సరిచేస్తే ఆ మైనస్ 5 అక్కడే ఉండిపోతుంది.

త్రీ కోర్ కేబుల్ వేయండి. మూడో వైరుతో ప్యానెల్ కేబుల్ రెసిస్టెన్స్‌ను కనిపెట్టి తీసేస్తుంది, కాకపోతే మూడు వైర్లూ ఒకే పొడవు, ఒకే మందం ఉండాలి, ప్యానెల్ సెట్టింగ్‌లో త్రీ వైర్ అని ఉండాలి. సెన్సర్‌కి మామూలుగా రెండు ఎరుపు, ఒక తెలుపు వైర్లుంటాయి. గదిలో 30 డిగ్రీలుంటే ఎరుపుకి ఎరుపుకి మధ్య దాదాపు సున్నా, ఎరుపుకి తెలుపుకి మధ్య 111.7 రావాలి. చాలాచోట్ల ఒక ఎరుపుని వదిలేసి మిగతా రెండే కలుపుతారు, అది కూడా చూసుకోండి.

మేనేజ్‌మెంట్ ఖర్చుకి ఒప్పుకుంటే హెడ్‌లోనే, సెన్సర్ రీడింగ్‌ని 4 నుంచి 20 మిల్లీఆంప్‌ల కరెంట్‌గా మార్చి పంపే 4-20 మిల్లీఆంప్ ట్రాన్స్‌మిటర్ పెట్టించండి, నా ఓటు దానికే. రీడింగ్ కరెంట్ రూపంలో వస్తుంది కాబట్టి 25 మీటర్లు కాదు, 100 మీటర్లున్నా రీడింగ్ మారదు. సెట్ చేసిన రేంజ్‌లో అతి తక్కువ ఉష్ణోగ్రతకే 4 మిల్లీఆంప్ ఉంటుంది కనుక, వైరు తెగి సున్నా మిల్లీఆంప్ వస్తే అది తప్పని ప్యానెల్‌కి తెలిసిపోతుంది.