గట్టు వేశాక కొల్లేటి చేపకి ఏమైంది?

మీ ఊరి చిత్తడి నేలకి గట్లు వేసి చేపల చెరువులు తవ్వుతున్నారని, "నీళ్లు ఉంటాయి, చేపలూ ఉంటాయి, ఇక నష్టం ఏంటి" అని అడిగారు. మాది కైకలూరు వైపు కొల్లేటి లంక ఊరు. నేను చూసింది చెబుతాను.

చిన్నప్పుడు తాతయ్య మావులు (నీళ్లలో చేపలు పట్టడానికి పెట్టే బోనులు) ఎత్తి తెచ్చిన బుట్టలో కొర్రమీను, మట్టగిడస, వాలుగ, జెల్ల, ఇంగిలాయి, బొమ్మిడాయి అన్నీ కలిసి ఉండేవి. అడుగున పరిగెలు, అంటే చిన్న చేపలు. అమ్మమ్మ పెద్దవి పులుసుకి తీసి, పరిగెలు ఎండబెట్టేది. ఇప్పుడు అదే ఊళ్లో ఐసు వేసి లారీలకి ఎక్కించే చేపే వేల కిలోలు. కానీ ఏ ట్రే చూసినా శీలావతి, బొచ్చె, ఫంగస్ అని పిలిచే పంగాసియస్, రూప్‌చంద్ లాంటి పెంపకం చేపలే. టన్నులు పెరిగాయి, రకాలు పోయాయి.

ఎందుకంటే కొల్లేరు లోతైన సరస్సు కాదు. 5వ కాంటూరు (సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు) వరకు నీళ్లుంటే 308 చదరపు కిలోమీటర్లు, 10వ కాంటూరు వరకు నిండితే 901. అయిదడుగులు పెరిగితే దాదాపు మూడింతలు పరుచుకుంటుంది. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు కొత్తగా మునిగే ఆ గడ్డి నేల, ఆ మోకాటి లోతు నీళ్లే చాలా చేపలకి పురిటిల్లు. తొలి వరదకి అవి ఎదురెక్కేది అక్కడికే.

ఒకసారి మావయ్య దోనె ఆపి నాకు చూపించాడు. గడ్డి మధ్య నీళ్ల మీద ఎర్రటి ముద్ద ఒకటి మెల్లగా కదులుతోంది. అంతా కొర్రమీను పిల్లలే, వందల్లో ఉన్నాయి. గాలి కోసం పైకొచ్చి మళ్లీ దిగుతుంటే సన్న చినుకులు పడుతున్నట్టుంది. కింద పెద్ద చేప కాపలా కాస్తోంది. "ఇక్కడ వల వెయ్యకూడదురా, పెద్దది పోతే పిల్లల్ని మిగతా చేపలు బతకనివ్వవు" అన్నాడు.

చెరువు తవ్వితే మొట్టమొదట పోయేది ఆ అంచే. గట్టు నిటారుగా లేస్తుంది, లోతు అంతటా ఒకేలా ఉంటుంది, గడ్డి ఉండనివ్వరు. పైగా పిల్ల వదిలే ముందు చెరువు ఎండగట్టి పాత చేపని ఒక్కటి లేకుండా తీసేస్తారు, కొర్రమీను, వాలుగ ఉంటే పెంపకం పిల్లని తినేస్తాయని. రైతు లెక్కలో అది సరైనదే. ఆ నీళ్లలో పుట్టి పెరిగిన చేపకి మాత్రం చోటు లేదు.

మిగిలిన కాలవల్లో గుర్రపుడెక్క కమ్మేసి, కింద నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. పైకొచ్చి గాలి పీల్చుకోగల కొర్రమీను, ఇంగిలాయి, మార్పు లాంటివి అందులోనూ ఎలాగో నెట్టుకొస్తాయి. వాలుగకి ఆ వీలు లేదు. అందుకే మురికి కాలవలో ఇంగిలాయి దొరికిందని చూపించి "చేప ఉందిగా" అనేవాళ్ల మాట నమ్మకండి. నీలకంఠ రొయ్య సంగతి మరోలా ఉంటుంది. అది కొల్లేటి నీళ్లని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు దిగి ఉప్పునీళ్లు కలిసే చోట పిల్లల్ని పెడుతుంది, పిల్లలు మళ్లీ పైకి రావాలి. మధ్యలో ఎక్కడ దారి మూసినా అంతే.

2006లో ప్రభుత్వం 5వ కాంటూరు లోపలి చెరువు గట్లు కొట్టేసింది. మావయ్యకీ ఒక చెరువులో వాటా ఉండేది. దాని కోసం చేసిన అప్పు తీరడానికి ఏళ్లు పట్టింది, ఇంట్లో ఆ రోజుల టెన్షన్ నాకు గుర్తుంది. చెరువు మీద బతికేవాళ్లని తప్పు పట్టలేను. అయినా గట్టు తెగిన చోట నీళ్లు పరుచుకున్నాక, రెండో వానాకాలానికి మావుల్లో మళ్లీ జెల్లలు, పరిగెలు పడటం కూడా ఆ మావయ్య చేతుల్లోనే చూశాను. తర్వాత గట్లు మళ్లీ లేచాయి.

మీ ఊళ్లో తవ్వకం మొత్తం ఆపలేకపోవచ్చు. వాగు వచ్చి చిత్తడిలో కలిసే ముఖద్వారం దగ్గర, గడ్డి అంచున మాత్రం గట్టు పడకుండా చూడండి. తొలి వానలకి ముందే, వల వేసే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, చేప ఏ వైపు ఎదురెక్కుతుందో అడిగి ఊరి మ్యాపు మీద గుర్తు పెట్టించండి. పంచాయతీలో మాట్లాడేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉండాలి.