లేవలేని రోజున ఎన్ని అడుగులు?

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. కుంగుబాటుకు నాలుగు నెలలుగా మందులు వాడుతున్నాను. రోజూ అరగంట నడిస్తే మనసు తేలికపడుతుందని మా డాక్టరు గారు చెప్పారు. మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ వారం తిరగకుండానే మానేశాను. పొద్దున లేచి కూర్చోవడమే కష్టమైతే అరగంట ఎలా నడవగలను? నడవలేకపోయిన రోజున, అసలు బాగుపడాలన్న కోరికే నాకు లేదేమోనని ఇంకా కుంగిపోతున్నాను.

జవాబు: మీ ఉత్తరంలో మూడుసార్లు మొదలుపెట్టానన్న మాట దగ్గర నేను ఆగిపోయానమ్మా. బాగుపడాలన్న కోరిక లేనివారు మూడోసారి చెప్పులు తొడుక్కోరు. ఉత్సాహం అడుగంటడం, ఒళ్లు బరువెక్కడం, స్నానానికి లేవాలన్నా కొండ ఎక్కబోతున్నట్టు అనిపించడం, ఇవన్నీ కుంగుబాటు లక్షణాలే తప్ప మీ సోమరితనానికి గుర్తులు కావు. జ్వరం వచ్చినవారిని ఒళ్లెందుకు కాలుతోందని ఎవరూ నిందించరు. ఈ విషయంలో మిమ్మల్ని మీరు నిందించుకోవడమూ అంతే అన్యాయం.

మామూలు రోజుల్లో మనకు ముందు ఉత్సాహం వస్తుంది, తరువాత పని మొదలవుతుంది. కుంగుబాటులో ఆ వరస తలకిందులవుతుంది. మనిషి పనులకూ మనుషులకూ దూరమయ్యేకొద్దీ సంతృప్తినిచ్చే అనుభవాలు తగ్గిపోతాయి, అవి తగ్గేకొద్దీ మనిషి మరింత ముడుచుకుపోతాడు. పీటర్ లూయిన్‌సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల్లో ఈ సుడిని వివరించారు. ఉత్సాహం కోసం ఎదురుచూడకుండా చిన్న చిన్న పనులతోనే దాన్ని తిరిగి రాబట్టే బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్స ఎదగడానికి ఆ ఆలోచన పునాది అయింది. ఆ చికిత్సలో పని ఎంత చిన్నదైనా తప్పు లేదు. ఎక్కువగా ముంచేది పెద్దగా మొదలుపెట్టడమే. మీ విషయంలో అరగంట చేసిన కీడు అదేనని నా నమ్మకం.

కాబట్టి ఆ అరగంటను కొన్నాళ్లు పక్కన పెట్టండి. రేపు పొద్దున మెలకువ వచ్చాక మంచం అంచున కూర్చుని రెండు పాదాలనూ నేలకు ఆనించండి. నేల చల్లగా ఉందా, గరుకుగా ఉందా, ఏ పాదం మీద బరువు ఎక్కువ పడుతోందో గమనించండి. మడమలను నేలకు మెల్లగా నొక్కి వదలండి, తరువాత వేళ్లను నొక్కి వదలండి. ఇలా మూడుసార్లు చేశాక, గాలి పీలుస్తూ భుజాలను చెవులవైపు ఎత్తి, వదులుతూ కిందికి జారనివ్వండి. లేవగలిగితే లేచి కిటికీ దాకా వెళ్లి రండి. ఆ రోజుకు మీ వ్యాయామం పూర్తయినట్టే, కేలండరులో ఆ తేదీకి గుర్తు పెట్టుకోండి. ఓపిక ఉన్న రోజున వీధి చివరిదాకా నడవండి, తప్పకుండా నడవండి, కానీ రోజువారీ కొలతగా మాత్రం కిటికీనే ఉంచుకోండి. నిన్న ఎక్కువ నడిచాను కనుక ఈరోజు అంతకన్నా తగ్గకూడదన్న పట్టుదల వచ్చిందంటే, ఇదివరకు వారంలోగా మానేసిన దారిలోకే మళ్లీ వెళుతున్నారని గ్రహించండి.

పాదాలను గమనించమని ఎందుకు అంటున్నానంటే, కుంగుబాటులో ఉన్నవారి మనసు ఖాళీగా నడవదు. నిన్న అలా ఎందుకన్నాను, వాళ్లు ఏమనుకుని ఉంటారు, నా బతుకింతేనా అన్న ఆలోచనలు గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాయి. అరగంట నడిచి అవే ఆలోచనలతో ఇంటికి తిరిగివచ్చిన వారిని నేను చాలామందిని చూశాను. నడిచేటప్పుడు మడమ ముందుగా నేలను తాకడం, బరువు మెల్లగా పాదం ముందు భాగానికి జరగడం, చివరికి బొటనవేలు నేలను వెనక్కి నెట్టడం, ఈ మూడింటినీ వెంబడించి చూడండి. నాలుగు అడుగులు వేసేలోపే మనసు మళ్లీ గానుగలోకి వెళ్లిపోతుంది. వెళ్లిందని తెలిసిన క్షణంలో విసుక్కోకుండా దాన్ని మళ్లీ మడమ దగ్గరికి తీసుకురావడమే ఇందులో అసలైన అభ్యాసం. పది నిమిషాల్లో యాభైసార్లు తీసుకురావలసి వస్తే, యాభైసార్లు అభ్యాసం చేశారన్నమాట.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, 50 ఏళ్లు దాటిన 156 మంది కుంగుబాటు రోగులను మూడు జట్లు చేసి, ఒక జట్టుకు వ్యాయామం, మరొక జట్టుకు సెర్‌ట్రలిన్ అనే మందు, ఇంకొక జట్టుకు రెండూ ఇచ్చి చూశారు. 16 వారాల తరువాత మూడు జట్లలోనూ మెరుగుదల దాదాపు ఒకేలా ఉంది. ఈ సంగతి ఎక్కడో చదివి మందులు మానేసినవారు ఉన్నారు. ఆ వ్యాయామం శిక్షకుల పర్యవేక్షణలో, వారానికి మూడుసార్లు, గుండె వేగం బాగా పెరిగేలా చేయించినది. పైగా మొదటి వారాల్లో మందు తీసుకున్నవారిలోనే గుణం త్వరగా కనిపించింది. కనుక మీ మందుల మోతాదును తగ్గించాలన్నా, ఆపాలన్నా మీ డాక్టరు గారే నిర్ణయించాలి. చనిపోవాలన్న ఆలోచన వచ్చిన రోజున నడక గురించి ఆలోచించకండి, వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పి అదే రోజున వైద్యులను కలవండి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఏడాదిగా అప్పుడప్పుడూ ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరి ఆడక, ప్రాణం పోతోందేమోనన్నంత భయం వేస్తోంది. పరీక్షలన్నీ చేసి గుండెకు ఏ ఇబ్బందీ లేదని, ఇది పానిక్ అని తేల్చారు. వ్యాయామం చేస్తే మంచిదన్నారు కానీ, కాస్త వేగంగా నడిస్తే చాలు, గుండె కొట్టుకోవడం తెలిసి అదే భయం మొదలవుతోంది. ఇప్పుడు మెట్లెక్కడం కూడా మానేశాను.

జవాబు: గుండె పరీక్షలు ముందే చేయించుకోవడం మంచి పని, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా ఆ భరోసా మీద ఆధారపడి ఉంది. నడిచినప్పుడు కండరాలకు ఎక్కువ రక్తం కావాలి కనుక గుండె వేగం పెంచుకుంటుంది, ఊపిరి పెరుగుతుంది, చెమట పడుతుంది. భయపడినప్పుడూ శరీరంలో జరిగేది ఇంచుమించు ఇదే. ఏడాదిగా ఈ లక్షణాలను ప్రమాద సూచనలుగానే చూస్తూ వచ్చిన మీ మెదడు, మెట్లెక్కినప్పుడు వచ్చే దడను కూడా ఆ ఖాతాలోనే వేస్తోంది. మెట్లు మానేసిన ప్రతిసారీ, మానేశాను కనుకే బతికాను అన్న తప్పుడు పాఠం దానికి మరింత బలపడుతోంది.

దీనికి విరుగుడు ఆ దడను కొద్ది కొద్దిగా, మీ ఇష్టంతో మీరే రప్పించుకుని, అది తనంతట తాను తగ్గడాన్ని కళ్లారా చూడడం. మానసిక చికిత్సకులు తమ సమక్షంలో ఇలాంటి అభ్యాసాలను చేయిస్తారు, అవకాశం ఉంటే వారి సాయం తీసుకోవడమే మేలు. మీ అంతట మీరు మొదలుపెట్టాలంటే, పక్కవారితో మాట్లాడగలిగేటంత, కానీ పాట పాడలేనంత వేగం మీ హద్దు అనుకోండి. ఆ వేగంతో రెండు నిమిషాలు నడిచి, తరువాత నెమ్మదిగా అడుగులేస్తూ అరచేతిని ఛాతీ మీద ఉంచండి. మొదటి అర నిమిషం దడ గట్టిగానే తెలుస్తుంది. తరువాత దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి పెరగడం మీ అరచేతికే తెలుస్తుంది. ఆ తగ్గుదలను చివరిదాకా చూడకుండా ఇంట్లోకి పరుగెత్తకండి, ఎందుకంటే మీ మెదడు నేర్చుకోవలసిన పాఠం అక్కడే ఉంది. మొదటి వారం రెండు నిమిషాలు చాలు. తరువాత మూడు, ఆ తరువాత ఐదు. మెట్ల విషయంలోనూ అంతే, మొదట నాలుగు మెట్లు ఎక్కి ఆగి చూడండి.

ఊపిరి గురించి ఒక హెచ్చరిక. భయం వేసినప్పుడు గట్టిగా ఊపిరి తీసుకోమని చుట్టూ ఉన్నవారు చెబుతుంటారు. అవసరానికి మించి లోతుగా, త్వరత్వరగా పీలిస్తే రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ తగ్గిపోయి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. వాటిని చూసి భయం రెట్టింపవుతుంది. మీకు కావలసింది ఎక్కువ గాలి కాదు, నెమ్మదైన గాలి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ మామూలుగా ముక్కుతో పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. అంకెకు సెకను చొప్పున నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. గాలి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావం హెచ్చి గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకే వదలడానికి ఎక్కువ సమయం ఇవ్వమంటున్నాను. దీన్ని భయం వచ్చాక మాత్రమే బయటికి తీసే ఆయుధంగా కాక, రోజూ ప్రశాంతంగా ఉన్న ఒక వేళలో ఐదు నిమిషాలు అలవాటు చేసుకోండి. చేతికి గుండె వేగం చూపించే గడియారం ఉంటే కొన్ని వారాలు దాన్ని తీసి పక్కన పెట్టండి. మీలాంటి ఇబ్బంది ఉన్నవారు ప్రతి అడుగుకూ ఆ అంకెను చూసుకుంటూ ఆందోళనను తామే పెంచుకోవడం నేను తరచూ గమనిస్తున్నాను.

ప్రశ్న: మనసు ప్రశాంతత కోసం యోగా మంచిదా, నెమ్మది కదలికలతో చేసే చైనా వ్యాయామం తాయ్ చీ మంచిదా, నడక మంచిదా? రోజుకు ఎంతసేపు చేయాలి?

జవాబు: మళ్లీ మళ్లీ చేయాలనిపించేది మంచిది. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఒక సమీక్షలో, కుంగుబాటుపై వ్యాయామ ప్రభావాన్ని పరిశీలించిన 218 అధ్యయనాలను కలిపి చూశారు. నడక లేదా నెమ్మది పరుగు, యోగా, బరువులతో చేసే వ్యాయామం, మూడూ మేలు చేశాయి. మధ్యలో మానేసినవారు తక్కువగా ఉన్నవి యోగా, బరువుల వ్యాయామం. ఆ అధ్యయనాల్లో చాలావాటికి లోపాలున్నాయని సమీక్షకులే చెప్పారు కనుక ఏదో ఒకదానికి పట్టం కట్టడం సరికాదు. సమయానికొస్తే, పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది, అసలేమీ చేయకపోవడం కన్నా కొంచెమైనా మేలని కూడా అదే పత్రంలో చెప్పింది. మోకాళ్ల నొప్పులున్నవారు కుర్చీలో కూర్చునే చేతులు, మెడ, చీలమండలు కదపవచ్చు, శ్రద్ధ అక్కడ ఉంటే అదీ వ్యాయామమే.

ప్రశ్న: నేను చిన్నతనంలో హింసను అనుభవించాను. ఆ వివరాలు రాయలేను. ఒక తరగతిలో కళ్లు మూసుకుని శ్వాసను గమనించమంటే, పాత సంగతులు కళ్ల ముందు తిరిగి వణుకు వచ్చింది. నేర్పేవారు ఓపిక పట్టి కొనసాగించమన్నారు. నాలోనే లోపం ఉందా?

జవాబు: లేదు. వివరాలు రాయవలసిన అవసరమూ లేదు. గాయపడిన మనసుకు కళ్లు మూసుకుని నిశ్చలంగా కూర్చోవడం విశ్రాంతిగా అనిపించకపోవచ్చు, కాపలా లేని ఇంట్లో ఒంటరిగా వదిలేసినట్టు అనిపించవచ్చు. శ్వాస ఛాతీలో, గొంతులో తెలిసేది కనుక, భయం దాగిన చోటికే దృష్టిని నేరుగా పంపినట్టవుతుంది. ఓపిక పట్టి కొనసాగించమనడం మీ విషయంలో సరైన సలహా కాదని నా అభిప్రాయం.

మీరు కళ్లు తెరిచే ఉంచండి. శ్వాసకు బదులు పాదాల మీదో, చేతుల మీదో దృష్టి పెట్టండి. గోడకు ఎదురుగా నిలబడి రెండు అరచేతులతో దాన్ని బలంగా నెట్టండి. భుజాల్లో, తొడల్లో బిగువు తెలిశాక మెల్లగా వదలండి. గోడ కదలదు, మీరు పడిపోరు, ఆ రెండూ శరీరానికి తెలియాలి. పాత సంగతులు ముంచుకొస్తే గదిలో కనిపిస్తున్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెబుతూ అటూ ఇటూ నడవండి. తలుపు కనిపించే చోట కూర్చోవడం, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయడం మీ హక్కు.

మానసిక గాయాల వల్ల వచ్చే పీటీఎస్‌డీ అనే జబ్బు చాలాకాలంగా చికిత్సకు లొంగని 64 మంది మహిళలపై మానసిక వైద్యుడు బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ బృందం 2014లో ఒక అధ్యయనం ప్రచురించింది. గాయాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందించిన యోగాను పది వారాలు చేసినవారిలో సగానికి పైగా, ఆ జబ్బు నిర్ధారణకు కావలసిన లక్షణాల నుంచి బయటపడ్డారు. పోలిక కోసం పెట్టిన జట్టులో అలా బయటపడినవారు ఐదింట ఒక వంతు మాత్రమే. అలాంటి తరగతిలో చేయి ఎత్తు అని ఆజ్ఞాపించరు, ఎత్తాలనిపిస్తే ఎత్తవచ్చు, వద్దనిపిస్తే ఉండవచ్చు అంటారు. అడగకుండా ఎవరూ ముట్టుకోరు. మీరు వెళ్లబోయే తరగతిలో నేర్పేవారిని మొదటే మూడు ప్రశ్నలు అడగండి: కళ్లు తెరిచి ఉంచవచ్చా, భంగిమ సరిచేయడానికి నన్ను ముట్టుకుంటారా, మధ్యలో లేచి బయటికి వెళ్లవచ్చా? విసుక్కోకుండా జవాబిచ్చేవారి దగ్గరే చేరండి. దీనితోపాటు ఇలాంటి గాయాలకు చికిత్స చేయడంలో అనుభవమున్న మానసిక నిపుణులను కలవండి, వారికి కూడా మొదటి రోజే అంతా చెప్పాలన్న నియమం లేదు.