ఆ మాట అన్నది నేనే

విజయనగరం

చిరంజీవి చిట్టికి, మీ అత్త ఆశీర్వదించి రాయునది.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోను చేసి, నువ్వు ఓపెన్ స్కూల్లో ఇంటర్ లెక్కల పరీక్షకు మళ్లీ కడుతున్నావని చెప్పింది. ముప్పై రెండేళ్ల వయసులో, ఏడేళ్ల పిల్లవాణ్ని చూసుకుంటూ, శ్రీకాకుళంలో ఆ బట్టల దుకాణం క్యాష్ కౌంటరులో రోజంతా కూర్చుంటూ! ఫోను పెట్టేశాక వంటింట్లో అలాగే నిలబడిపోయాను. పొయ్యి మీద పప్పు మాడుతున్న సంగతి కూడా తెలియలేదు. మా చిట్టి ఎంత మనిషి అయిందని ఒకటే మురిసిపోయాను.

ఆ తర్వాత మీ అమ్మ చెప్పిన మిగతా మాటలు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తున్నావట. అద్దం ముందు నిలబడి ‘నేను తెలివైనదాన్ని, నాకు లెక్కలు వచ్చు’ అని పదేపదే అంటున్నావట. ఇరవై ఒక్క రోజుల్లో కొత్త మనిషివి అవుతావని కాగితం మీద గళ్లు గీసి గోడకు అంటించావట. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

ఫీజు గడువులోగా కట్టు. స్టడీ సెంటరుకు ముందే ఒకసారి వెళ్లి రా. పాత ప్రశ్నపత్రాలు సంపాదించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నాలుగింటికి లేవడం మాత్రం మానుకో. దుకాణం మూసి, లెక్క అప్పగించి, ఇంటికి చేరి అన్నం తినేసరికి పదిన్నర అవుతుంది. అయిదు గంటలైనా నిద్రపోని మనిషికి తలకు ఏమి ఎక్కుతుంది? నిద్ర చాలక తప్పు పోయిన లెక్కను కూడా నువ్వు నీ బుర్ర ఖాతాలోనే రాసుకుంటావు. అది నాకు బాగా తెలుసు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఆ ఇరవై ఒక్క రోజుల సంగతి. పదవీ విరమణ తర్వాత నేను మనస్తత్వశాస్త్రం చదవడం పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి నీకు తెలుస్తుంది. అమెరికాలో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు. శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్లు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. ఆయన రాసింది ‘కనీసం’ అని. చేతులు మారే కొద్దీ ఆ ఒక్క మాటా రాలిపోయింది, ముఖం సంగతి కూడా రాలిపోయింది. చివరికి ఏ అలవాటైనా ఇరవై ఒక్క రోజుల్లో వచ్చేస్తుందన్న మాట మిగిలి, శ్రీకాకుళంలో నీ గోడ ఎక్కింది. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని తీసుకుని నిజంగానే లెక్కగట్టారు. ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం లేదని కూడా తేలింది.

నా భయం నీ ఇరవై రెండో రోజు గురించి. ఆ రోజు పొద్దున లేచి, పుస్తకం తెరిచి, లెక్క రాకపోతే, ‘చూశావా, నాకు రాదని ముందే తెలుసు’ అని నీలో ఒక గొంతు అంటుంది. అద్దం ముందు అన్న మాటలు అప్పుడు నీకు సాయం రావు. కెనడాలో 2009లో ఇదే పరీక్షించి చూశారు. తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్నవాళ్ల చేత తమ గురించి మంచి మాట ఒకటి పదేపదే అనిపిస్తే, వాళ్ల మనసు ఇంకా కుంగింది. పైకి అంటున్న ప్రతిసారీ లోపల ‘అబద్ధం’ అని ఎదురు సమాధానం వస్తుంది మరి. ఆ ఎదురు మాట్లాడే గొంతు ఎవరిదో నీకు తెలియదు, చిట్టీ. నాకు తెలుసు. అది నాది.

1971 వేసవి. చంపావతి ఒడ్డున మన ఊళ్లోనే ఉన్నాం. నాకు పంతొమ్మిదేళ్లు, టీచర్ ట్రైనింగ్ పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి. మీ నాన్నకు పదకొండు. భిన్నాలు చెప్పమని పలక పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అరుగు మీద లాంతరు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. అరకు పావు కలపమన్నాను. పైన ఒకటీ ఒకటీ కూడి రెండు, కింద రెండూ నాలుగూ కూడి ఆరు వేశాడు. ఆరింట రెండు. అలా కాదని చెప్పాను. తుడిచి మళ్లీ ఆరింట రెండే వేశాడు. మూడోసారి కూడా అదే వేసి, సరిగ్గా వేశానన్న ధీమాతో నా ముఖంలోకి చూశాడు. అవతల నా చదువు సాగడం లేదన్న కంగారు నాది. పలక లాక్కుని గట్టు కేసి కొట్టాను. చెక్క చట్రం మూల విరిగింది. ‘నీ బుర్రకు లెక్కలు ఎక్కవురా. నీకు రావు, వదిలెయ్’ అన్నాను.

వాడు ఏడవలేదు. పలక తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఏడ్చి ఉంటే ఊరుకోబెట్టేదాన్ని, ఆ మాట అక్కడితో పోయేది.

లోపలి నుంచి మీ నానమ్మ విన్నది. మర్నాడు ఎవరో వస్తే, ‘మావాడికి లెక్కలు అబ్బవట, చదువుకున్న పిల్ల, వాళ్ల అక్కే చెప్పింది’ అన్నది. ప్రేమగానే అన్నది. ఆ ఏడాది పరీక్షలో లెక్కల్లో మార్కులు తగ్గితే ఎవరూ కోప్పడలేదు, రావుగా మరి! కోప్పడకపోవడం కూడా ఒక తీర్పే అని ఇప్పుడు అనిపిస్తుంది. చదువు తెలిసినవాళ్లు ఒక్కసారి అన్నారు, ప్రేమించేవాళ్లు పదిసార్లు అన్నారు, ఆ తర్వాత వాడే అందుకున్నాడు. తప్పు పోయిన ప్రతి లెక్కనూ సాక్ష్యంగా దాచుకున్నాడు. ఒప్పు అయినదాన్ని ఊరికే కుదిరిందని వదిలేశాడు. తొమ్మిదో తరగతితో బడి మానేసి జూట్ మిల్లులో, పనికి రానివాళ్ల బదులు చేసే బదిలీ కార్మికుడిగా చేరాడు.

ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లు నేను పిల్లలకు లెక్కలు చెప్పాను. ప్రతి ఏడూ, ప్రతి బడిలో, ఎవరో ఒక పిల్లవాడు అరకు పావు కలిపి ఆరింట రెండు వేశాడు. వచ్చిన కూడిక పద్ధతినే కొత్తచోట వాడటం తప్ప అందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. ఆ పిల్లల్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగేదాన్ని. ‘నీ దగ్గర అర అచ్చు బెల్లం ఉంది. ఇంకో పావు ఇచ్చాను. ఆరింట రెండంటే మూడో వంతే కదా? ఇచ్చాక నీ బెల్లం తగ్గిందా?’ పిల్లలు నవ్వేవాళ్లు. నవ్వి, వాళ్లే దిద్దుకునేవాళ్లు. ఆ రాత్రి అరుగు మీద ఈ ప్రశ్న నాకు తట్టలేదు. ఎంతమంది పిల్లల్ని అడిగినా అడగవలసినవాణ్ని అడగలేకపోయాను.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది ఎవరికీ చెప్పలేదు. నువ్వు పుట్టక ముందు ఒక సంక్రాంతికి మీ నాన్న వాళ్లు వాడలో పొట్టేలును కొన్నారు, 510 రూపాయలు. తొమ్మిది ఇళ్లవాళ్లు. ఆరు ఇళ్లకు ఒక్కో వాటా, రెండు ఇళ్లకు అర వాటా, ఒకరికి ఒకటిన్నర. నేను కాగితం కోసం వెతుకుతున్నాను. వాడు అడ్డాకులు పరుస్తూ తల ఎత్తకుండానే, ‘వాటాకు అరవై, అర వాటాకు ముప్పై, ఒకటిన్నరకు తొంభై’ అన్నాడు. ఎనిమిదిన్నరతో భాగహారం చేశాడు, చిట్టీ, చేతులకు నెత్తురుతో, కలం పట్టకుండా. ‘లెక్కలు రావంటావేమిటిరా?’ అన్నాను. నా ముఖంలోకి చూసి నవ్వాడు. ‘ఇది లెక్క కాదక్కా, వాటా. లెక్కలు నాకు రావు. నువ్వే చెప్పావుగా’ అన్నాడు. ఆ నవ్వులో ఇసుమంతైనా కోపం లేదు. అప్పుడైనా కూర్చోబెట్టి, నేను తప్పు చెప్పానురా అని ఉండవలసింది. తర్వాత చెబుదామనుకున్నాను. నాలుగేళ్ల కిందట ఆసుపత్రిలో వాడి పక్కన కూర్చున్నప్పుడు కూడా తర్వాత చెబుదామనే అనుకున్నాను.

నువ్వు ఇంటర్ మొదటి ఏడు లెక్కల్లో తప్పిన రోజు నేను మీ ఇంట్లోనే ఉన్నాను. మీ నాన్న నీ తల నిమిరి, ‘మన ఇంటికి లెక్కలు అబ్బలేదమ్మా, బాధపడకు’ అన్నాడు. నేను టీ గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చున్నాను. నోరు విప్పలేదు. నా మాట వాడి నోటి మీదుగా నీలోకి దిగుతుంటే చూస్తూ ఊరుకున్నాను.

కిందటి నెల ఫోనులో, ‘రోజూ అంత డబ్బు పైసా తేడా రాకుండా అప్పగిస్తావు కదా’ అంటే, ‘అది లెక్క కాదత్తా, క్యాష్’ అన్నావు. నా గుండె ఆగినంత పని అయింది. అచ్చం మీ నాన్న మాట.

అందుకే చెబుతున్నాను, అద్దాన్ని వదిలెయ్. బందూరా అనే మనస్తత్వవేత్త 1977లో, మనిషికి తన శక్తి మీద నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని రాశాడు. అన్నిటికన్నా గట్టిది తాను చేసి, చేయగలిగానని చూసుకున్న అనుభవం. ఇంటర్ పుస్తకం అప్పుడే తెరవకు. ఆరో తరగతి పుస్తకం తెచ్చుకో, భిన్నాల దగ్గర మొదలుపెట్టు. సిగ్గుపడకు, నీ గది తలుపు వేసుకుంటే చూసేవాళ్లు ఎవరూ ఉండరు. పొద్దున టీ తాగిన వెంటనే రెండు లెక్కలు చెయ్యి, ఎక్కువ వద్దు. టీ ఎలాగూ మానవు, దాని వెనకే లెక్కలూ నడుస్తాయి. ఒక నోటుపుస్తకం పెట్టు. తేదీ వేసి లెక్క చేసి, తప్పు పోతే ఎక్కడ పోయిందో పక్కన రాయి. ‘కింది అంకెలు కూడేశాను’ అని రాయి, ‘గుర్తు మరిచాను’ అని రాయి. ‘నాకు రాదు’ అని మాత్రం రాయకు. అది లెక్కలో తప్పు కాదు, దాన్ని దిద్దడానికి దారి ఉండదు.

రెండో దారి, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం. మీ ఆమదాలవలస వైపు అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ బరువులెత్తే పోటీలో, ఒక్క ఊపున తల పైకి ఎత్తే స్నాచ్‌లో 110, రెండు విడతలుగా ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. మా నెల్లిమర్ల పక్కన కొండవెలగాడలో బరువులెత్తే ఆడపిల్లలు ఇప్పటికీ తయారవుతున్నారు. ఒకసారి నిలబడి చూశాను. ముందు ఖాళీ కడ్డీ ఎత్తారు. తర్వాత దానికి చిన్న బరువు బిళ్లలు తగిలించారు, ఆ తర్వాత ఇంకాస్త పెద్దవి. నిన్న ఎత్తినదాని మీద కొంచెం. వాళ్లకు ఆ ధైర్యం చేతుల్లోంచి వస్తోంది. సిడ్నీలో ఆఖరి ప్రయత్నంగా పట్టుకున్న 137.5 కిలోలు మల్లీశ్వరి ఎత్తలేకపోయింది. అందువల్ల అప్పటికే ఎత్తిన 130 ఎక్కడికీ పోలేదు. నోటుపుస్తకంలో ఒప్పు అయిన లెక్క కూడా అంతే.

మూడో దారి ఎదుటివాళ్ల మాట. దాని బలం ఏమిటో మన ఇంటికి తెలుసు. నాలుగోది ఒంటి తీరు. పరీక్ష హాల్లో గుండె దడదడలాడితే, ‘భయపడుతున్నాను, కాబట్టి రాదు’ అని అర్థం తీయకు. మొదటి రోజు బడికి వెళ్లినప్పుడు, పెళ్లిపీటల మీద కూర్చున్నప్పుడు కూడా నా గుండె అలాగే కొట్టుకుంది. మంచినీళ్లు తాగి, తెలిసిన ప్రశ్న మొదట రాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది బుజ్జిగాడి సంగతి. వాడు వింటుండగా నీ నోటి నుంచి ‘నాకు లెక్కలు రావు’ అన్న మాట రానివ్వకు. ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద అమెరికాలో చేసిన పరిశీలన ఒకటి 2015లో వచ్చింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచుగా హోంవర్కులో సాయం చేస్తే, ఆ పిల్లలు ఏడాది చివరికి లెక్కలు తక్కువ నేర్చుకున్నారు. తల్లిదండ్రుల భయం బిడ్డకు అంటింది. ఇంటి పనిలో వాడు తప్పు వేస్తే ‘ఎలా వేశావురా, చెప్పు’ అని అడుగు. వాడు చెప్పేదాకా ఆగు. పొయ్యి మీద ఏది మాడినా ఫరవాలేదు, ఆగు.

నాకు డెబ్బై దాటాయి. నీ పరీక్ష ఫలితం ఎలా వచ్చినా నాకు ఒకటే, బంగారు తల్లీ. ఒక్కసారి తప్పినా, రెండుసార్లు తప్పినా, ‘మన ఇంటికి లెక్కలు అబ్బలేదు’ అనే మాట మాత్రం నమ్మకు. అది అబద్ధం. నేను కోపంలో పుట్టించాను.

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర. మీ నాన్న నిన్ను భుజాల మీద ఎక్కించుకుని కోట దగ్గర నిలబడి చూపించేవాడు, గుర్తుందా? ఈసారి బుజ్జిగాణ్ని తీసుకుని రా. మీ నాన్న పలక నా దగ్గరే ఉంది, విరిగిన మూలకు తీగ చుట్టించాను. బుజ్జిగాడికి ఇస్తాను. నీ నోటుపుస్తకం కూడా తీసుకురా. తప్పులున్న పేజీలు చింపకు, ముందు అవే చూస్తాను.

మీ అత్త