ఎంసీపీకి మార్చినా ఫిర్‌పిక్ నీలం మసకగానే ఉందా? ఎన్‌పీబీని చూడండి

ఓఎల్‌ఈడీ (సేంద్రియ పదార్థాల పొరలతో వెలిగే పరికరం)లో నీలం కాంతినిచ్చే ఇరిడియం పదార్థం ఫిర్‌పిక్. దాన్ని కలిపి ఉంచే హోస్టు పదార్థాన్ని సీబీపీ నుంచి ఎంసీపీకి మార్చినా వెలుగు పెరగలేదంటే, ఆ శక్తిని పక్క పొర ఎన్‌పీబీ (ధన ఆవేశాలను మోసేది) తాగేస్తుండవచ్చు. సీబీపీ తీసి ఎంసీపీ వేయడం సరైన పనే. ఫిర్‌పిక్ ట్రిప్లెట్ (అది కాంతినిచ్చే ఉత్తేజిత స్థితి) శక్తి సుమారు 2.65 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్టులు), ఎంసీపీది 2.9, అంటే శక్తి అందులోకి జారిపోదు. కానీ ఎన్‌పీబీది 2.3 దగ్గరే, కాబట్టి అందులోకి జారిపోతుంది. ఫిర్‌పిక్ ట్రిప్లెట్లు మైక్రోసెకన్లపాటు బతికి, ఎన్‌పీబీ సరిహద్దు దాకా వెళ్లి అక్కడ ఆరిపోతాయి. హోస్టు మార్చి ఈ పొరను మరిచిపోవడం తేలిక.

1. ముందు రుజువు చేసుకోండి. ఒకే ఎంసీపీ-ఫిర్‌పిక్ పొరను ఒక గాజుపలక మీద నేరుగా, ఇంకోదాని మీద ఎన్‌పీబీపైన వేసి యూవీ కింద పోల్చండి. రెండోది మసకగా ఉంటే దొంగ దొరికినట్టే.
2. ఎన్‌పీబీకి, వెలుగు పొరకు మధ్య 10 నానోమీటర్ల ఎంసీపీ వేయండి. టీఏపీసీ (ట్రిప్లెట్ శక్తి ఎక్కువున్న, ధన ఆవేశాలను మోసే పదార్థం) ఉంటే ఎన్‌పీబీ బదులు అదే నయం.
3. ఎలక్ట్రాన్లు వచ్చే వైపు ఏఎల్‌క్యూ3 (ఎలక్ట్రాన్లను మోసే, ట్రిప్లెట్ శక్తి తక్కువున్న పదార్థం) వెలుగు పొరకు తగులుతుంటే అదీ తీసేయండి.
4. హోస్టులో ఫిర్‌పిక్ పాళ్లు (డోపింగ్) 20 శాతం ఉంటే వద్దు, 8కి దించండి.

కొలతకు ముందే పరికరాన్ని నైట్రోజన్ పెట్టెలో సీల్ చేయండి, వానాకాలంలో మరీ ముఖ్యం. ఆక్సిజన్ కూడా ట్రిప్లెట్లను ఆర్పేస్తుంది.