కోడ్ మారలేదు, టెస్టులు ఎందుకు పడిపోతున్నాయి?

ప్రశ్న: మాది భీమవరంలో చిన్న ఆఫీసండి. రొయ్యల చెరువుల వాళ్లకి మేత, పట్టుబడి లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఉన్న ఒక్క లినక్స్ సర్వర్‌లో నలుగురం ‘టెస్టర్’ అనే ఒకే లాగిన్ వాడతాం, తొందరైతే సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడపడం) కొడతాం. కోడ్ ముట్టుకోకపోయినా ‘పర్మిషన్ డినైడ్’ అని టెస్టులు ఫెయిలవుతున్నాయి. మా సీనియర్ ఫైళ్ల పర్మిషన్‌ని 777 పెట్టేయమంటున్నారు. పెట్టమంటారా?

జవాబు: వద్దండీ బాబూ. 777 అంటే సర్వర్‌లో ఉన్న ప్రతివాడికీ రాసే హక్కు ఇచ్చేయడమే. పైగా రేపు పుట్టే ఫైలుకి అది వర్తించదు.

ముందు టెస్టు రాయలేకపోతున్న ఫైలు ఎవరి పేరున ఉందో చూడండి. ‘రూట్’ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ ఖాతా) అని ఉంటుంది, మీ ఊరి పందెం కాస్తాను. ఎవరో టెస్టుల్ని సుడోతో నడిపినప్పుడు పుట్టిన లాగ్ ఫైలు అది. ఉమాస్క్ (కొత్త ఫైలుకి ఏ హక్కులు ఇవ్వకూడదో చెప్పే సెట్టింగ్) మామూలుగా 022 కాబట్టి ఫైలు 644తో పుడుతుంది. ఓనరే రాయగలడు, మిగతావాళ్లు చదువుకోవాలంతే. టీఎంపీ అనే తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీలో ఉంటే మీరు చెరపనూ లేరు. ఆ డైరెక్టరీకి ఉండే 1777లో మొదటి 1 స్టికీ బిట్, ఎవరి ఫైలు వాళ్లే తీయాలి.

సుడోతో ఇంకో చిక్కుంది. ‘రాయనివ్వకపోతే ఎర్రర్ చూపాలి’ అనే టెస్టు రూట్ కింద ఫెయిలవుతుంది, రూట్‌ని ఆ పర్మిషన్లు ఆపవు మరి.

ఉమ్మడి లాగిన్ అయితే ఇద్దరు ఒకేసారి నడిపినప్పుడు ఒకరి ఫైలు మీద ఒకరు రాసేస్తారు. ఎవరి పనో తేలదు. ఎవరి లాగిన్ వాళ్లకివ్వండి. టెస్టుకో కొత్త తాత్కాలిక ఫోల్డర్ ‘ఎంకేటెంప్ -d’ కమాండ్‌తో తీసుకోండి. నిజంగా పంచుకోవాల్సిన డైరెక్టరీకి గ్రూపు పెట్టి 2775 ఇవ్వండి (మొదటి 2 వల్ల లోపల పుట్టే ఫైళ్లు ఆ గ్రూపువే అవుతాయి), గ్రూపు వాళ్లూ రాయగలిగేలా ఉమాస్క్ 002 చేయండి. పాత రూట్ ఫైళ్లను మాత్రం ఈసారికి సుడోతోనే తీసేయండి.